బ్రాండు కాదు, వాటా కావాలి!

"సార్, ఇంటిపేరు పెట్టాలా, వద్దా?"

అడిగింది డిగ్రీ మూడో ఏడు చదివే పిల్ల. తండ్రి తాపీ పనికి పోతాడు. తల్లి మిరపకోతలకు పోతుంది. ఆ పిల్ల అడిగింది నన్ను కాదు, ఆ రోజు హాస్టలుకొచ్చిన ఒక పెద్దమనిషిని. మన పిల్లలకు ఉద్యోగాల దారి చూపిస్తానని ఆయన నగరం నుంచి కారులో దిగాడు. గంటన్నర సేపు ఇంగ్లీషూ తెలుగూ కలిపి దంచాడు. "మీరు ఉద్యోగం వెతుక్కునే మనుషులు కాదు. మీలో ఒక్కొక్కరూ ఒక్కొక్క బ్రాండు. సబ్బుబిళ్లకు పేరు లేకపోతే ఎవడన్నా కొంటాడా? మీరూ అంతే. మిమ్మల్ని మీరు అమ్ముకోవడం నేర్చుకోండి. ఫోన్లో మీ పేరు కొడితే ఏం కనపడుతుందో అదే మీ భవిష్యత్తు. ఫాలోయర్లు లేనివాడికి రేపు ఉద్యోగం లేదు, వ్యాపారమూ లేదు" అన్నాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. వెనక బెంచీ మీద కూర్చుని నేనూ విన్నాను.

అప్పుడు లేచింది ఆ పిల్ల. ఉద్యోగాల కోసం ఫోన్లో తన వివరాలు పెట్టేటప్పుడు ఇంటిపేరు కూడా పెట్టాలా, వద్దా అని అడిగింది. పెద్దమనిషికి ప్రశ్న అర్థం కాలేదు. "పూర్తి పేరు పెడితే బాగుంటుందమ్మా, నమ్మకం కలుగుతుంది" అన్నాడు. గదిలో ఉన్న పిల్లలందరికీ మాత్రం ప్రశ్న బాగానే అర్థమైంది. ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ పిల్ల కూర్చుంది.

అన్నలారా, అక్కచెల్లెళ్లారా! ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ పెద్దమనిషి కాదు. మనం. అందుకే ఈ నాలుగు మాటలు.

వాతకే బ్రాండని పేరు

బ్రాండు అనే ఇంగ్లీషు మాటకు అసలు అర్థం ఏమిటి? కాల్చిన ఇనుముతో పశువు తొడ మీద వేసే వాత. అమెరికాలో బానిసలుగా అమ్మిన నల్లవాళ్ల ఒంటి మీద కూడా ఆ వాతలే వేశారు. వాత పడేది పశువుకు. లాభం యజమానికి. ఈ గొడ్డు ఎవరి సొత్తో నలుగురికీ తెలియాలి, అంతే దాని పని.

మన దేశంలో ఇనుము కాల్చే పని కూడా లేకపోయింది. ఇంటిపేరు చాలింది. ఊరి చివర ఇల్లు చాలింది. ఏసోబు, దానమ్మ అన్న పిలుపు చాలింది. తరతరాలుగా పుట్టకముందే మనకు వాత వేసిపెట్టారు. ఇంకొకడికి పుట్టకముందే పట్టాభిషేకం చేసిపెట్టారు. పేరు చివర ఫలానా శర్మ, ఫలానా చౌదరి, ఫలానా రెడ్డి అని ఉంటే వాడికి వేరే ప్రచారం కావాలా? మూడువేల ఏళ్ల ప్రచారం వాడి ఇంటిపేరులోనే ఉంది. ఇవాళొచ్చి "మీరు కూడా బ్రాండు అవ్వండి" అని మనకు పాఠం చెబుతున్నారు!

మా నాయన కిర్రుచెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె ఆయన చేతిలో ఆడుతుంటే చూడాలి. చెప్పు చూడగానే "ఇది ఫలానా వాడి చెయ్యి" అని ఊళ్లో పెద్దోళ్లు గుర్తుపట్టేవాళ్లు. మరి ఆ పెద్దమనిషి లెక్క ప్రకారం మా నాయన బ్రాండే కదా? పని గొప్పది. గుర్తింపు ఉంది. కొనేవాళ్లు క్యూ కట్టేవాళ్లు. అయినా ఏడాదికోసారి కళ్లంలో కొలిచే మేర గింజలే ఆయన కూలి. ధర చెప్పే హక్కు ఆయనకు లేదు. తాను కుట్టిన చెప్పులు తాను తొడుక్కుని ఊళ్లో వీధిలో నడిచే హక్కూ లేదు. పేరు ఉంటే చాలదు, ఆ పేరుకు ధర కట్టే చెయ్యి ఎవరిదో చూడాలి. ఈ ఒక్క సంగతి దాచిపెట్టి, మిగతా అంతా చెబుతారు ఈ బ్రాండు పంతుళ్లు.

ఉద్యోగం పీకేసి, నువ్వే కంపెనీ అన్నారు

ఈ మాట ఎప్పుడు పుట్టింది? 1997లో అమెరికాలో టామ్ పీటర్స్ అనే మేనేజిమెంటు గురువు ఒక పత్రికలో రాశాడు. ప్రతి మనిషీ ఒక బ్రాండేననీ, ఎవడికి వాడే ఒక కంపెనీకి అధిపతి అనీ ఆయన సిద్ధాంతం. అప్పటికి అక్కడి పెద్ద కంపెనీలు మనుషుల్ని తగ్గించుకుంటున్నాయి. ఒకే కొలువులో ముసలాడయ్యే రోజులు పోతున్నాయి. కంపెనీ బాధ్యత కాస్తా మనిషి నెత్తిన పడింది. ఉద్యోగం పోతే తప్పు కంపెనీది కాదు, నిన్ను నువ్వు సరిగ్గా అమ్ముకోలేదు, తప్పు నీదే అనడానికి వీలుపడింది.

మనకు 1991 నుంచి సంస్కరణలొచ్చాయి. ప్రభుత్వ సంస్థలు అమ్ముడుపోయాయి. ఉన్న కొలువుల్లో కాంట్రాక్టు వచ్చింది, అవుట్‌సోర్సింగ్ వచ్చింది. రిజర్వేషన్ కాగితం మీద అట్లాగే ఉంది. అది వర్తించే కుర్చీలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. నోటిఫికేషను, పరీక్ష, మెరిట్ లిస్టు, రోస్టరు అనే దారిలో మన తరం గోచీల నుంచి ప్యాంట్లలోకి వచ్చింది. నేను ఆ దారినే బడిపంతులునయ్యాను. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. నన్ను ఎవరూ "నీ వెనక ఎంతమంది ఉన్నారు?" అని అడగలేదు. హాల్ టికెట్ నంబరు అడిగారు, అంతే. ఆ నంబరుకు కులం తెలియదు. పరీక్షలో వచ్చిన మార్కును ఏ మామా ఆపలేకపోయాడు.

ఇప్పుడు ఆ దారి మూసి, పక్క సందు చూపిస్తున్నారు. ఆ సందు పేరు లింక్డిన్. అదొక ఉద్యోగాల సంత. ఎవడికి వాడు తన ఫోటో, చదువు, చేసిన పని అక్కడ పెట్టుకుని నిలబడాలి. 2016లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ సంతను 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. కొన్నది దుకాణాన్నా? కాదు, కోట్లమంది తమ చేత్తో తాము రాసిపెట్టిన పేర్ల పట్టికను. ఆ సంతలో ఒకడికి ఒకడు సిఫారసు చెయ్యాలి. "వీడు మావాడు, మంచివాడు" అని పైనున్నవాడు ఒక ముక్క రాయాలి. దానికే నెట్‌వర్కు అని పేరు. మేనమామ అమెరికాలో, బాబాయి బెంగుళూరులో, అక్క మొగుడు హైటెక్ సిటీలో ఉన్నవాడికి నెట్‌వర్కు పుట్టుకతోనే వచ్చింది. తాపీమేస్త్రీ కూతురికి ఎవరున్నారు రాయడానికి? కులం పాత చొక్కా విప్పి కొత్త చొక్కా తొడిగింది. మనిషి అదే.

పేరు చూసి పిలుపు

"ఇదంతా అనుమానం పంతులూ, ఇప్పుడు కులం ఎవడు చూస్తున్నాడు?" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను.

సుఖదేవ్ థొరాట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు ఒక పరీక్ష పెట్టారు. పేపర్లలో ప్రైవేటు కంపెనీలు వేసిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే. మారింది పేరొక్కటే. కొన్నిటి మీద పెద్దకులం పేరు, కొన్నిటి మీద దళితుల పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. 2007లో ఫలితం అచ్చయింది. ఇంటర్వ్యూ పిలుపు అందే అవకాశం పెద్దకులం పేరుకు మూడు పాళ్లయితే, దళితుడి పేరుకు రెండు పాళ్లే. ముస్లిం పేరుకు ఒక్క పాలే. మనిషి మొహం చూడలేదు, మాట వినలేదు. కవరు మీద పేరు చూశారు, పక్కన పెట్టారు.

అప్పుడు కవరు మీద పేరు మాత్రమే ఉండేది. ఇప్పుడు పేరుతో పాటు ఫోటో ఉంది, ఊరు ఉంది, స్నేహితులు ఎవరో ఉంది, ఏప్రిల్ 14న నువ్వేం పెట్టావో కూడా ఉంది. పక్కన పెట్టేవాడి పని ఇంకా సులువైంది. బ్రాండు పంతులు "మీ బతుకంతా తెరిచి చూపించండి" అంటున్నాడు. ఎవరికి చూపించాలి? 2012లో అచ్చయిన ఒక లెక్క ప్రకారం దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్లలో నూటికి 93 మంది అగ్రకులాలవాళ్లు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరినీ కలిపితే నూటికి మూడున్నర. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి పత్రికలు, టీవీలు వెతికాయి. పై స్థాయి కుర్చీలు 121 లెక్కపెడితే 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటంటే ఒక్కటి లేదు. పేరు చేసేవాడూ వాళ్లే, పేరు చూసేవాడూ వాళ్లే, పేరు కొనేవాడూ వాళ్లే. ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఎంత లోతైందో ఇప్పుడు అర్థమైందా?

నేనూ దాచుకున్నవాణ్ణే. దాచడమెందుకు, చెబుతాను. కొత్తగా ఉద్యోగమొచ్చి మండల కేంద్రంలో అద్దె ఇల్లు వెతుక్కున్నాను. ఇల్లుగలామె "మీరేమిట్లు?" అని అడిగింది. "టీచర్లమండీ" అన్నాను. గుమ్మం మీద బోర్డుకు ఇంటిపేరు తీసి పొడి అక్షరం ఒకటి రాయించాను. నాలుగు నెలలకు ఎట్లాగో తెలిసిపోయింది. "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు కావాలి" అన్నది. అబ్బాయి రాలేదు, వేరే టీచరు దిగాడు. ఇరవై ఏళ్లయింది. ఆ పొడి అక్షరం ఇప్పటికీ నా గొంతులో ముల్లులాగా ఉంది. ఆ పిల్ల ప్రశ్న వినగానే అది కదిలింది.

పట్టా లేని సేద్యం

"సరే, ఉద్యోగం మాటెందుకు? యూట్యూబులో సొంత చానలు పెట్టుకోండి, మీ దారి మీదే" అంటారు. మా బడిలో చదివిన పిల్లోడొకడు మంచి పాటగాడు. డప్పు పట్టుకుంటే గూడెం లేచి కూర్చునేది. పట్నంలో ఒక చానలువాళ్లు వాడి చేత పాట పాడించి, చేతిలో కొంత పెట్టి, కాగితం మీద సంతకం తీసుకున్నారు. పాట లక్షలమంది చూశారు. పెళ్లి ఊరేగింపుల్లో మోగింది. పాట వాడి అమ్మమ్మది, గొంతు వాడిది, డబ్బులు చానలుది. పిల్లోడు ఇప్పుడు పట్నంలో ఆటో తోలుతున్నాడు. తన ఆటోలో తన పాటే పెట్టుకుంటాడు.

సొంత చానలైనా చూద్దాం. చానలు మీద డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లుండాలి, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. 2018లో పెట్టిన నిబంధన ఇది. పొట్టి వీడియోలకు వేరే లెక్క. అప్పుడు ప్రకటనల రాబడిలో పెద్ద వీడియోలకు నూటికి 55 మనకు, 45 కంపెనీకి. పొట్టి వీడియోలకు అది తిరగబడి 45 మనకు వస్తుంది. సేద్యం తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇది పాలుకు చెయ్యడమే. ఇంకా దారుణమేమిటంటే పాలేరుకు కనీసం దొర మొహం తెలుసు. ఇక్కడ దొర ఎక్కడుంటాడో తెలియదు. ఎందుకు పంట తగ్గించాడో చెప్పడు. మీ వీడియో ఎవరికి చూపించాలో, ఎవరికి చూపించకూడదో వాడి యంత్రం తేలుస్తుంది.

2020 జూన్ 29 గుర్తు తెచ్చుకోండి. ఆ సాయంత్రం ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. సుమారు 20 కోట్లమంది వాడేవాళ్లు. కూలోళ్లు, రిక్షావాళ్లు, పశువులు కాసేవాళ్లు, పొలం గట్టు మీద చీర కొంగు బిగించి ఆడిన ఆడవాళ్లు, సినిమావాళ్లు గుమ్మం దగ్గరికి కూడా రానివ్వని మనుషులు అక్కడ జనానికి కనపడ్డారు. నిషేధం మంచిదా చెడ్డదా అన్న తర్కం పక్కన పెట్టండి. ఏళ్ల తరబడి కూడబెట్టిన పేరు ఒక్క రాత్రిలో పోయింది. నష్టపరిహారం లేదు, నోటీసు లేదు. పట్టా లేని భూమిలో ఎంత ఎరువేసి ఏం లాభం? అసైన్‌మెంటు భూమి సంగతి తెలిసిన మనకు ఈ పాఠం ఎవరైనా చెప్పాలా?

ఇక చానలు కూడా లేని పిల్లల సంగతి. బండి మీద అన్నం పార్సిళ్లు మోసేవాళ్లకు, ఇళ్లకు పోయి పని చేసేవాళ్లకు కూడా ఒక బ్రాండు ఇచ్చారు. అయిదు చుక్కలు! సరుకు తీసుకున్నవాడు మూడు చుక్కలిస్తే రేపటి పని తగ్గుతుంది. ఇట్లాంటి పనుల్లో 2020-21 నాటికే 77 లక్షలమంది ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో లెక్క చెప్పింది. అదే 2022లో లక్నోలో ఒక దళిత కుర్రాడు అన్నం తీసుకుపోతే, పేరు అడిగి, కులం తెలుసుకుని, మొహాన ఉమ్మి కొట్టారని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. చుక్కలిచ్చే చెయ్యి అదే అయినప్పుడు ఆ చుక్కలు పనికి పడ్డాయా, పుట్టుకకు పడ్డాయా?

చెప్పు మనది, పేరు వాళ్లది

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా అనే కంపెనీ తన కొత్త సరుకు ప్రదర్శించింది. మోడళ్ల కాళ్లకు అచ్చం కొల్హాపురి చెప్పులు. కొల్హాపూర్ పేరు లేదు, మన దేశం పేరు లేదు. తరతరాలుగా ఆ తోలు ఊని, కోసి, అల్లినవాళ్లు మహారాష్ట్ర, కర్ణాటకల్లోని మన చర్మకారులు. 2019లోనే ఆ చెప్పులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చి ఉంది. ఫోన్లలో గొడవ లేచింది. గొడవ లేచాక ఆ కంపెనీ ఒప్పుకుంది, అవును, భారతదేశపు పనితనమే మాకు స్ఫూర్తి అని. డిసెంబరులో రెండు రాష్ట్రాల చర్మకార కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని 2,000 జతలు ఇక్కడే చేయిస్తామంది. జత ధర సుమారు 800 యూరోలు. మన లెక్కలో 80 వేల రూపాయల పైమాట.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఫోన్లో అందరూ కలిసి అరిస్తే ఇటలీ దొర కూడా దిగొస్తాడు. కాదనను. రెండు, మా నాయన కుట్టినా, కొల్హాపూర్ అన్న కుట్టినా, చెప్పు చెప్పే. ఆరె ఆరే. 80 వేలు పలికేది చెప్పు కాదు, దాని మీద కొట్టిన ముద్ర. ఆ ముద్ర ఎవడి చేతిలో ఉంటే ధర వాడిది. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు ఈ సంగతి పట్టుకున్నాడు. 2015లో మహారాష్ట్రలో గొడ్డుమాంసం నిషేధించాక పని పోగొట్టుకున్న చర్మకారులతో కలిసి రబ్బరు సంచులు, కుర్చీలు చేయించి, ఏ మాటతో మనల్ని తిట్టారో ఆ "చమార్" మాటనే వాటికి పేరుగా పెట్టాడు. తిట్టును ముద్రగా మార్చాడు. పంజాబులో గిన్నీ మాహీ అనే పిల్ల 2016లో "డేంజర్ చమార్" అని పాడి ఊరూరా మోగించింది. ఇవి చిన్న సంగతులని నేననను. పేరు దాచుకుని ఎక్కిన మెట్టుకూ, పేరు చెప్పి ఎక్కిన మెట్టుకూ తేడా ఉంది. కానీ ఒక్కరు ఎక్కితే కథ అవుతుంది. గూడెం ఎక్కితేనే మార్పు అవుతుంది.

అమ్ముకున్న పేరు ఏం అమ్మింది?

ఫాలోయర్లు సంపాదించినవాళ్లు వాళ్లను ఏం చేసుకున్నారో కూడా చూడాలి కదా. 2025 మార్చిలో హైదరాబాదులో పోలీసులు సినిమావాళ్ల మీద, యూట్యూబు వాళ్ల మీద వరసగా కేసులు పెట్టారు. బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారని అభియోగం. తేల్చాల్సింది కోర్టులు. కానీ ఆ యాప్‌ల వల్ల ఏమైందో ఊళ్లకు తెలుసు. "అన్నా, నేను పొద్దున పెట్టాను, సాయంత్రానికి ఇంత వచ్చింది" అని ఫోన్లో నవ్వుతూ చెప్పినవాడి మాట నమ్మి, అమ్మ డ్వాక్రా డబ్బు పెట్టిన పిల్లలు నాకు తెలుసు. ఆ ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధించే చట్టం చేసింది. చట్టం వచ్చేనాటికి పోవాల్సినవి పోయాయి.

బ్రాండు పంతులు చెప్పని రహస్యం ఇది. నీ పేరు అమ్మకానికి పెట్టిన రోజున దాన్ని ఎవడు కొంటాడో నీ చేతిలో ఉండదు. వాళ్లు కొనేది నీ మొహాన్ని కాదు, నిన్ను నమ్మిన నీ వాళ్లని. గొర్రెల మందలోకి పోవడానికి కసాయి వాడు గొర్రెనే ముందు నడిపిస్తాడు.

ఫోను మనకేమీ ఇవ్వలేదా?

ఇచ్చింది. అబద్ధం ఆడను. 1920 జనవరి 31న బాబాసాహెబ్ "మూక్‌నాయక్" పక్షపత్రిక మొదలుపెట్టాడు. కొల్హాపూర్ షాహూ మహరాజ్ ఆర్థిక సాయం చేశాడు. పత్రిక వస్తోందని ఒక ప్రకటన వెయ్యమంటే, డబ్బులిస్తామన్నా "కేసరి" పత్రిక వెయ్యలేదు. నోరు లేనివాళ్ల నాయకుడికి డబ్బిచ్చి కూడా నాలుగు లైన్ల చోటు దొరకలేదు! ఇవాళ మన ఊరి పిల్ల చేతిలో ఉన్న ఫోనుకు ఏ కేసరి అనుమతీ అక్కర్లేదు. ఇది మామూలు మార్పు కాదు.

2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. పత్రికలు ఏ పేజీలో వెయ్యాలో ఆలోచించుకునేలోపే అతని చివరి ఉత్తరం ఫోన్ల ద్వారా దేశమంతా తిరిగింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం కోరలు పీకుతూ తీర్పిచ్చింది. ఏప్రిల్ 2న భారత్ బంద్. దానికి పోస్టరు మొహం ఎవరు? ఎవరూ లేరు. ఏ ఒక్క పెద్ద నాయకుడి పిలుపూ కాదు. ఫోను నుంచి ఫోనుకు మాట పోయింది, జనం రోడ్డెక్కారు. మనవాళ్ల ప్రాణాలు కూడా పోయాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి 18ఎ సెక్షను పెట్టాల్సి వచ్చింది.

ఇంకా వెనక్కి పోదాం. 1985 జూలై 17 కారంచేడు. అప్పుడు ఫోన్లు లేవు. చీరాలకు పరుగెత్తి వచ్చిన మనుషులే వార్త, వాళ్ల గాయాలే ఫోటోలు. ఆ శిబిరంలోంచి పుట్టింది ఒక మనిషి బ్రాండు కాదు, దళిత మహాసభ. 1991 ఆగస్టు 6 చుండూరు నాటికి ఊరూరా కరపత్రం చేరే దారి ఉంది. అన్నలారా, చూశారా? ఫోను ఉన్నా, లేకపోయినా మనం గెలిచింది నలుగురం కలిసినప్పుడే. ఒక్కడు ఎదిగి మెరిసినప్పుడు కాదు.

మనలో మొలిచిన బ్రాండ్లు

ఇప్పుడు మన ముంగిట్లో చెత్త కూడా చూసుకుందాం. ఫలానా జిల్లా యువకిశోరం, ఫలానా నియోజకవర్గ ఆశాజ్యోతి! అంబేద్కర్ జయంతికి ఫ్లెక్సీ కడితే బాబాసాహెబ్ మొహం తపాలా బిళ్లంత, నాయకుడి మొహం తలుపంత. అన్యాయం జరిగిన ఇంటికి పోయి ఏడుస్తున్న తల్లి పక్కన నిలబడి లైవు పెడతాడు. లైవు ఆగగానే కారెక్కుతాడు. ఎఫ్ఐఆర్ అయిందా, ఏ సెక్షన్లు పెట్టారు, డీఎస్పీ వచ్చాడా, సాక్షులు ఎవరు అని అడిగితే తెలియదు. అతనికి లక్ష ఫాలోయర్లు. కోర్టు వాయిదా రోజున ఆ తల్లి పక్కన ఒక్కడు ఉండడు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించాడు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చునేమో గానీ, రాజకీయాల్లో వ్యక్తి పూజ పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అన్నాడు. ఫాలోయర్ అంటే ఏమిటి? వెంట నడిచేవాడు. మనకు కావలసింది వెంట నడిచేవాళ్లా, పక్కన నడిచేవాళ్లా? లైకు సాక్ష్యం చెప్పదు. షేరు జామీను ఇవ్వదు.

మరి ఏం చెయ్యాలి?

ఫోను పారెయ్యమని నేను చెప్పను. గొడ్డలి దొర చేతిలో ఉందని మనం చేత్తో కట్టెలు విరుచుకోం కదా. ఫోను వాడదాం. పద్ధతిగా వాడదాం.

సంఘం చానలు, సంఘం గ్రూపు మనిషి పేరు మీద పెట్టకండి. సంఘం పేరు మీద పెట్టండి. తాళం ముగ్గురి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. వీడియోలన్నీ వేరే చోట దాచండి. మనుషుల ఫోను నంబర్లు ఒక నోటు పుస్తకంలో పెన్నుతో రాసుకోండి. యాప్ పోయినా మనుషులు పోకూడదు.

పాడే పిల్లలు, ఆడే పిల్లలు, చెప్పు కుట్టే చేతులు, కుండ చేసే చేతులు కాగితం మీద సంతకం పెట్టేముందు సంఘంలో చూపించండి. ఒక్కసారి డబ్బు ఇచ్చి జన్మంతా హక్కు రాయించుకునే కాగితాలు అవి.

అన్యాయం జరిగినప్పుడు మొదట లైవు కాదు. మొదట రాతపూర్వక ఫిర్యాదు. 18ఎ సెక్షను ప్రకారం ఎఫ్ఐఆర్ రాయడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి. అత్యాచారం కేసైతే ఆడపిల్ల పేరు, ఫోటో ఎక్కడా పెట్టకండి. అది చట్టరీత్యా నేరం, ఆ పిల్లకు రెండో దెబ్బ.

ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. పట్నంలో చేరాక గూడెం నంబరు తీసేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నెట్‌వర్కు మేనమామలు. మన పిల్లలకు మేనమామలం మనమే కావాలి. ఒక్కొక్కరూ ఏడాదికి ఇద్దరు పిల్లలకు దరఖాస్తు దిద్దండి, ఇంటర్వ్యూ నేర్పండి, సిఫారసు రాయండి. ఇది దయ కాదు, బాకీ. హాల్ టికెట్ నంబరు మీద మనకు దొరికినదానికి బాకీ.

అన్నిటికన్నా పెద్ద మాట. ప్రభుత్వ ఉద్యోగంలో వివక్ష కూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతుంది. ప్రైవేటు కంపెనీ గుమ్మం దగ్గర ఆ అధికరణం ఆగిపోతుంది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. కులం పుట్టింది ఇక్కడ, చట్టం పుట్టింది అక్కడ! ప్రైవేటు రంగంలో రిజర్వేషను కావాలి. సిఫారసుల చాటున కాకుండా బహిరంగ ప్రకటనతో, పరీక్షతో ఉద్యోగాలివ్వాలి. ఏ కులంవాళ్లను ఎంతమందిని తీసుకున్నారో కంపెనీలు లెక్క చెప్పాలి. ఖాళీగా ఉన్న ప్రభుత్వ పోస్టులు నింపాలి. ఎన్నికలకు ఓటడగడానికి వచ్చిన ప్రతివాడినీ ఈ నాలుగూ అడగండి.

ఇక ఆ పిల్లకు జవాబు.

అమ్మా, ఇంటిపేరు పెట్టు అని ఆజ్ఞాపించే అర్హత నాకు లేదు. పొడి అక్షరం వెనక దాక్కున్నవాణ్ణి. పెట్టుకుంటే నీ ధైర్యం. ఇంటికి జీతం రావాలి కాబట్టి ఈ రోజుకు పెట్టలేకపోతే అది నీ తప్పు కాదు. సిగ్గుపడాల్సింది నీ పేరు కాదు, ఆ పేరు చూసి కవరు పక్కన పడేసిన చెయ్యి. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకో. నువ్వు బ్రాండువి కాదు. సబ్బుబిళ్లవు కాదు. అమ్ముడుపోకపోతే పారేసే సరుకువి కాదు. నువ్వు మనిషివి, ఈ దేశంలో వాటాదారువి.

ఇంటిపేరు పెట్టాలా వద్దా అని మన పిల్ల ఒంటరిగా లేచి అడిగే రోజు పోవాలి. ఇంటిపేరు చూసి ఎందుకు పక్కన పెట్టావని మనమందరం లేచి కంపెనీని అడిగే రోజు రావాలి. ఆ రోజు దానంతట అది రాదు. ఈ కాగితం చదవడం అయిపోగానే పక్కింటి పిల్లను పిలిచి అడగండి: "అమ్మా, నీ దరఖాస్తు ఏదీ, తీసుకురా, చూద్దాం." అక్కడి నుంచి మొదలుపెడదాం.

జై భీమ్!